పాత ఆయిల్ చివరి చుక్క దాకా దించాలా? ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది

"అన్నా, బోల్ట్ బిగించాల్నా, ఇంక జరసేపు ఆగుదామా?"

హన్మకొండలో నేను కారు చూపించే షెడ్డులో పనిచేసే పిల్లాడు ప్రతిసారీ ఇదే అడుగుతాడు. అప్పటికి ఇంజిన్ అడుగున ఆయిల్ దించే బోల్ట్ విప్పి, కారు కింద పెట్టిన తొట్టిలోకి నల్లటి ధార సన్నబడి, దారమై, చుక్కలైపోయి ఉంటుంది. వెనకాల ఇంకో రెండు బండ్లు ఆగి ఉంటాయి. వాడికి తొందర, నాకు అనుమానం. లోపల ఇంకెంత మిగిలిందో ఇద్దరికీ కనబడదు. ఈ అనుమానం తీర్చుకోవడానికి ఇన్నేళ్లలో నేను చేయించని పని లేదు. ఇంజిన్ లోపల కడిగే మందు (ఫ్లష్) పోయించాను, గాలి కొట్టించాను, పైనుంచి పీల్చే పంపు కొన్నాను, ఒకసారి రాత్రంతా బోల్ట్ విప్పి వదిలేశాను కూడా. వాటిలో ఏది పెట్టిన డబ్బుకూ శ్రమకూ తగినదో, ఏది ఉత్త హడావుడో రాస్తున్నాను. కొత్తగా కారు కొన్నవాళ్లకూ, సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకుని టెన్షన్ పడుతున్నవాళ్లకూ ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఏ పద్ధతిలో దించినా ఇంజిన్‌లో కొంత పాత ఆయిల్ ఉండిపోతుంది. ఆయిల్ తిరిగే సన్నటి దారుల్లో, హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద ఉండే చిన్న చిన్న గుంటల్లో, ఆయిల్ కూలర్ ఉంటే దాంట్లో, చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున బోల్ట్ రంధ్రానికి అందని మూలలో అది నిలిచే ఉంటుంది. ఇంజిన్ మొత్తం విప్పితే తప్ప అది రాదు. కాబట్టి ప్రశ్న 'మొత్తం వచ్చిందా' అని కాదు, 'మిగిలింది నష్టం చేసేంత ఉందా' అని.

దానికి చిన్న లెక్క వేద్దాం. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మూడు నుంచి నాలుగు లీటర్ల లోపు ఆయిల్ పడుతుంది. మూడున్నర లీటర్ల ఇంజిన్‌లో 300 మిల్లీలీటర్ల పాతది మిగిలిందనుకోండి. అంటే నూటికి ఎనిమిదిన్నర పాళ్లు. కొత్త ఆయిల్‌లో ఉండే మందులు ఈ కాస్త పాతదాన్ని సునాయాసంగా మోసుకుపోతాయి. ఏటేటా అది పేరుకుపోతుందేమో అని కొందరికి భయం. అలా జరగదు. ఈసారి మిగిలిన 300 కూడా వచ్చేసారి దాకా కొత్త ఆయిల్‌తో కలిసే తిరుగుతుంది, అప్పుడు దాంట్లోనూ దాదాపు పన్నెండు పాళ్లకు పదకొండు బయటికి పోయి ఒక పాలు మాత్రమే మిగులుతుంది. రెండు మార్పులు తిరిగేసరికి మొదటినాటి మడ్డి నూటికి ఒక పాలు కూడా ఉండదు.

ఇక చుక్కల లెక్క. సెకనుకు ఒక చుక్క పడుతోందనుకుందాం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా నిమిషానికి మూడు మిల్లీలీటర్లు. ఇరవై నిమిషాలు చూస్తూ నిలబడితే వచ్చేది అరవై మిల్లీలీటర్లు, అంటే హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసుకు కొంచెం తక్కువ. మూడు సెకన్లకు ఒక చుక్క స్థాయికి వచ్చాక ఇంకో గంట నిలబడినా దక్కేది అంతే. ఈ లెక్క నాకు ముందే తట్టి ఉంటే ఆ రాత్రంతా బోల్ట్ విప్పి, పొద్దున్నే పిల్లుల అడుగుజాడలు నల్లగా వరండా అంతా పడటం చూసి ఇంట్లో తిట్లు తినేవాడిని కాదు.

కింద బోల్ట్ విప్పి దించడం

అందరికీ తెలిసిన పద్ధతి, ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మదగినది. అయితే ఇదే పనిని మంచిగా చేయడానికీ, మమ అనిపించడానికీ మధ్య చాలా తేడా ఉంది. పాత ఆయిల్ ఎంత వస్తుందనేది ముఖ్యంగా నాలుగింటి మీద ఆధారపడుతుంది: వేడి, వాలు, సమయం, ఆయిల్ ఫిల్టర్.

వేడి సంగతి. 5డబ్ల్యు-30 (చిక్కదనాన్ని చెప్పే గ్రేడు) రకం ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర దాదాపు ఆరింట ఒక వంతు చిక్కదనంతో ఉంటుంది. పల్చబడ్డ ఆయిల్ గోడలకు అంటుకున్నది కూడా లాక్కుని జారుతుంది, మసినీ సన్నటి రజనునూ తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. అలాగని ఇంజిన్ ఆపిన వెంటనే బోల్ట్ విప్పితే చెయ్యి కాలుతుంది. బాగా నడిచి వచ్చిన ఇంజిన్‌లో ఆయిల్ 90, 100 డిగ్రీల దాకా ఉంటుంది. మరుగుతున్న పులుసులో చెయ్యి పెట్టినట్టే. నా అలవాటు ఏమిటంటే, కాజీపేట దాకా ఒక చుట్టు తిరిగి వచ్చి, ఆపి, పది పదిహేను నిమిషాలు ఆగి విప్పడం. ఆ వ్యవధిలో పైన హెడ్‌లో ఉన్నది కూడా చాంబర్‌లోకి దిగుతుంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది. రాత్రంతా బండిని ఆపి ఉంచితే పైనున్నది మొత్తం కిందికి చేరుతుంది కాబట్టి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే విప్పడం మేలని అంటారు. అందులోనూ నిజం లేకపోలేదు. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా ఉక్కపోతే, ఆయిల్ మరీ చిక్కబడదు, కాసేపు ఎక్కువ ఆగితే దిగుతుంది. డిసెంబర్, జనవరిలో మాత్రం ఆ పని చేయకండి. చలికి చిక్కబడిన ఆయిల్ ధార బద్ధకంగా వస్తుంది, అడుగున మడ్డి కదలకుండా ఉండిపోతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే గోరువెచ్చని దానికన్నా కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు దించడమే నా ఓటు.

సర్వీస్ సెంటర్‌లో బండి పొద్దున తొమ్మిదికి ఇచ్చి వస్తే వాళ్లు మధ్యాహ్నం రెండింటికి దాని మీద చెయ్యి వేస్తారు. అప్పటికి ఇంజిన్ చల్లారిపోయి ఉంటుంది. 'విప్పే ముందు ఓ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి' అని జాబ్ కార్డు మీద రాయించండి. ఐదు నిమిషాలకు ఆయిల్ పూర్తిగా వేడెక్కదు గానీ కదలిక వస్తుంది.

వాలు సంగతి చాలామంది పట్టించుకోరు, నిజానికి ఇక్కడే ఎక్కువ ఆయిల్ ఉండిపోతుంది. బోల్ట్ కొన్ని ఇంజిన్లకు చాంబర్ అడుగున ఉంటుంది, కొన్నిటికి పక్కన గోడకు, అడుగుకు కాస్త పైన ఉంటుంది. వెనక్కి చూస్తున్న బోల్ట్ ఉన్న కారుకు ముందు వైపు జాకీ పెట్టి లేపితే ఆయిల్ బోల్ట్ వైపే పారుతుంది, మంచిదే. ముందుకు చూస్తున్న బోల్ట్ అయితే అదే పని వల్ల ఆయిల్ వెనక మూలకు చేరి నిలిచిపోతుంది. ఒక్కసారి కిందికి వంగి చూసి మీ బండి బోల్ట్ ఎటు ఉందో తెలుసుకోండి. రెండు స్తంభాల లిఫ్టు మీదా, సర్వీస్ గుంత మీదా బండి సమంగా ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి లేదు. గుట్టల పక్కన ఎగుడుదిగుడు కాలనీల్లో, గేటు ముందున్న ర్యాంపు మీద బండి పెట్టి చేయించుకుంటే మాత్రం వాలు ఎటుందో చూసుకోవాల్సిందే. ఇంట్లో చేసుకునేవాళ్లు జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి పోవద్దు. స్టాండ్లు పెట్టాకే తల లోపలికి పెట్టాలి.

సమయం గురించి పైన లెక్క చెప్పాను. ధార ఆగి చుక్కలు మొదలయ్యాక పది పదిహేను నిమిషాలు చాలు. ఆ టైంలో ఫిల్టర్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం లాంటివి చేయించుకుంటే మెకానిక్‌కూ విసుగు రాదు. విప్పేటప్పుడు పైన ఆయిల్ పోసే మూత కూడా తీసి ఉంచాలి. గాలి ఆడుతుంది, పైగా ఆయిల్ లేని ఇంజిన్‌ను మరిచిపోయి ఎవరూ స్టార్ట్ చేయకుండా ఒక గుర్తు.

ఇక ఫిల్టర్. ఈ రాతలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: ఫిల్టర్ మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చి, ఆ తర్వాత చుక్కల కోసం అరగంట నిలబడటం దండగ. ఆ ఫిల్టర్ డబ్బాలోనే రెండు మూడు వందల మిల్లీలీటర్ల మురికి ఆయిల్ ఉంటుంది. 'ఈసారికి నడుస్తదన్నా, వచ్చేసారి మారుద్దాం' అనే మాట మన షెడ్లలో తరచూ వినబడుతుంది. నడుస్తుంది, నిజమే. కానీ గంటసేపు కారబెట్టి తెచ్చుకున్న లాభం అంతా ఆ ఒక్క మాటతో పోతుంది. కొన్ని కార్లలో డబ్బా బదులు కాగితం ఫిల్టర్ ఒక గూడులో ఉంటుంది. దాని మూతను ముందే వదులు చేస్తే గూడులో ఉన్న ఆయిల్ చాంబర్‌లోకి జారి, కింద బోల్ట్ గుండా పోతుంది. బోల్ట్ బిగించేశాక మూత విప్పితే ఆ పాతదంతా కొత్తదాంట్లోకే దిగుతుంది. వరస మారితే ఇంత తేడా.

ఈ పద్ధతికి ఉన్న అసలు ప్రమాదం బిగింపులో ఉంది. చాలా చాంబర్లు ఇప్పుడు అల్యూమినియంవి. పొడుగు పానాతో బలమంతా పెట్టి బిగిస్తే మరలు పోతాయి. ఆ తర్వాత బోల్ట్ ఎంత తిప్పినా పట్టదు, పార్కింగ్ చేసిన చోటల్లా నల్లటి మచ్చ పడుతుంది. చిన్న కార్లలో చాలావాటికి 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల (బిగించే బలానికి కొలత) మధ్య బిగింపు సరిపోతుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. బోల్ట్ కింద రాగి వాషరో అల్యూమినియం వాషరో ప్రతిసారీ కొత్తది వేయించండి. పది ఇరవై రూపాయల వాషర్ దగ్గర పిసినారితనం చేసి, కారుతోందని బోల్ట్‌ను ఇంకా గట్టిగా బిగించి, మరలు పోగొట్టుకున్న బండ్లు షెడ్డులో వారానికొకటి కనబడతాయి.

పైనుంచి పంపుతో పీల్చడం

ఆయిల్ గేజ్ పుల్ల ఉండే గొట్టంలోకి సన్నటి పైపు దించి, చేతి పంపుతోనో బ్యాటరీ పంపుతోనో ఆయిల్‌ను లాగేస్తారు. ఇంటికే వచ్చి సర్వీస్ చేసేవాళ్లలో కొందరు ఇదే వాడతారు. బండి కిందికి దూరే పని లేదు, బోల్ట్ జోలికి పోము కాబట్టి మరలు పోతాయన్న భయం లేదు, నేల మీద చుక్క పడదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేయించుకునేవాళ్లకు ఇది పెద్ద సుఖం.

మరి మొత్తం వస్తుందా అంటే, అది చాంబర్ ఆకారాన్ని బట్టి ఉంటుంది. పైపు నేరుగా చాంబర్‌లోని లోతైన చోటికి చేరే ఇంజిన్లలో బోల్ట్ కన్నా కొంచెం ఎక్కువే రావచ్చు, ఎందుకంటే బోల్ట్ రంధ్రం అడుగుకు పైన ఉన్న చోట కూడా పైపు కొస అడుగును తాకుతుంది. ఇంకొన్నిటిలో గొట్టం పక్కకు వంగి ఉంటుంది, లేదా లోపల రేకు అడ్డం వస్తుంది. అప్పుడు పైపు కొస ఆయిల్ మధ్యలో తేలి, గాలి పీల్చుకుని, 'అయిపోయింది' అన్నట్టు గరగరమంటుంది. లోపల ముప్పావు లీటరు ఉన్నా తెలియదు.

దీనికి నేను చేసిన పరీక్ష మీరూ చేయొచ్చు. మొదటిసారి పంపుతో పీల్చాక, బోల్ట్ కూడా ఒకసారి విప్పి కింద గిన్నె పెట్టండి. వంద మిల్లీలీటర్ల లోపు వస్తే మీ ఇంజిన్‌కు పంపు పద్ధతి నప్పినట్టే, ఇక ముందు నిశ్చింతగా వాడుకోండి. అర లీటరు వచ్చిందంటే పంపును పక్కన పెట్టేయండి. నా కారులో అలా విప్పినప్పుడు ధారే వచ్చింది. ఇప్పుడు ఆ పంపుతో మా ఇంట్లో కూలర్‌లో నీళ్లు తోడుతున్నాం. 

పంపు కొనే ముందు ఇంకో విషయం చూడండి. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఫిల్టర్ ఇంజిన్ కింది భాగంలోనే ఉంటుంది. ఫిల్టర్ కోసం ఎలాగూ కిందికి పోవాలి. అలాంటప్పుడు ఆయిల్ ఒక్కటి పైనుంచి పీల్చి ఏం లాభం? ఫిల్టర్ పైన, బానెట్ తెరవగానే చేతికందేలా ఉన్న బండ్లకే ఈ పద్ధతి పూర్తి సుఖం ఇస్తుంది. కొన్ని ఖరీదైన కార్లకు గేజ్ పుల్లే ఉండదు, దాని గొట్టం కూడా లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

పంపు వాడితే పోయేది ఇంకొకటుంది, అది చూపు. బోల్ట్ విప్పినప్పుడు మెకానిక్ దాని కొసన వేలితో తుడిచి చూస్తాడు. మెత్తటి బూడిదరంగు మెరుపు ఉంటే మామూలే. రేకు ముక్కల్లాంటివి తగిలితే లోపల బేరింగో మరొకటో అరుగుతోందని తెలుస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి ఆ ఒక్క చూపు కోసమైనా రెండు మూడుసార్లకు ఒకసారి బోల్ట్ విప్పించాలి.

షెడ్డులో అంటగట్టే అదనాలు

గాలి కొట్టడం మన దగ్గర బాగా ఇష్టమైన తంతు. బోల్ట్ విప్పి, పైన మూత దగ్గర కంప్రెసర్ గొట్టం పెట్టి గాలి వదులుతారు. కింద బుస్సుమని నాలుగు చుక్కలు ఎగురుతాయి. చూసేవాడికి తృప్తి. కానీ గాలి ఎప్పుడూ ఖాళీగా ఉన్న దారి వెతుక్కుంటుంది, ఆయిల్ నిండి ఉన్న సన్నటి దారుల్లోకి దూరదు. పైనుంచి చాంబర్ దాకా పెద్ద దారి తెరిచి ఉండగా అది వేరే చోటికి ఎందుకు పోతుంది? పైగా వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్క షెడ్డులో గొట్టం కొసకు దుమ్ము కూడా ఉంటుంది. ఆ తేమా ఆ దుమ్మూ ఇంజిన్‌లోకి పంపడానికి డబ్బులివ్వడం దేనికి? నేను మానేశాను.

డీజిల్ గానీ కిరోసిన్ గానీ పోసి ఇంజిన్ తిప్పి కడగడం పాతకాలపు లారీల నుంచి వచ్చిన అలవాటు. దానికి ఆయిల్‌లాగా లోహం మీద పొరగా నిలిచే శక్తి లేదు, బేరింగులు నేరుగా రాసుకుంటాయి. కడిగాక అది కూడా మొత్తం బయటికి రాదు కదా, మిగిలింది కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఎవరైనా డబ్బా పట్టుకుని వస్తే వద్దని చెప్పండి. బోల్ట్ విప్పి ఉండగా సెల్ఫ్ కొట్టి మిగిలిన ఆయిల్ చిమ్మించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. చిమ్మేది గుక్కెడు, ఇంజిన్ లోపల ఎండిపోయిన ఆయిల్ పంపు తిరిగి ఆయిల్ అందుకునేదాకా నష్టం ఇంజిన్‌ది.

కొత్త ఆయిల్ ఓ పావు లీటరు పైనుంచి పోసి, బోల్ట్ విప్పి ఉండగానే కిందికి పోనివ్వడం మాత్రం హాని లేని పని. అడుగున నిలిచిన మడ్డిని కొంత తోసుకుపోతుంది. డబ్బా కొలతకూ ఇంజిన్ కొలతకూ తేడా వచ్చి కొంత మిగిలిందనుకోండి, దాన్ని ఇలా వాడొచ్చు. నేనైతే ఆ మిగిలినదాన్ని డిక్కీలో పెట్టుకుంటాను, దూర ప్రయాణంలో లెవెల్ తగ్గితే పనికొస్తుంది.

ఇక ఫ్లష్ డబ్బా. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

కొన్నేళ్ల కింద కరీంనగర్‌లో ఒక పాత డీజిల్ కారు కొన్నాను. ఆయిల్ మూత విప్పి చూస్తే లోపలి వైపు నల్లటి పేస్టు, కాటుకలాగా. ముందున్న ఓనర్ ఆయిల్ మార్చకుండా లాగించాడని అర్థమైంది. అక్కడే ఒక షెడ్డులో చూపిస్తే, 'ఫ్లష్ కొడదాం సార్, కడిగిన ముత్యం అయితది' అన్నారు. డబ్బా పోసి, పావుగంట స్టార్ట్ చేసి ఉంచి, దించారు. వచ్చిన ఆయిల్ తారులాగా ఉంది. నాకు పట్టరాని సంతోషం, మురికంతా పోయిందని. కొత్త ఆయిల్ పోయించుకుని వరంగల్ దారి పట్టాను. హుజూరాబాద్ దాటి, ఎల్కతుర్తి దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమంది. ఆపాను. గేజ్ తీసి చూస్తే లెవెల్ సరిగ్గానే ఉంది.

తెల్లారి బండిని కట్టి లాక్కొచ్చి, హన్మకొండలో చాంబర్ దించి చూస్తే సంగతి బయటపడింది. చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే గొట్టానికి ఒక జాలి ఉంటుంది. ఫ్లష్ వదులు చేసిన మడ్డి పెచ్చులు పెచ్చులుగా ఊడి, బోల్ట్ రంధ్రం గుండా బయటికి రాలేక, ఆ జాలికి అడ్డం పడ్డాయి. లోపల ఆయిల్ ఉంది, పైకి ఎక్కే దారి లేదు. పెద్దాయన, ఆ షెడ్డు మేస్త్రీ, జాలి నా చేతిలో పెట్టి ఒకటే మాట అన్నాడు: "పదేండ్ల మురికి పావుగంటల పోతదా తమ్మీ?"

అందుకే నా అభిప్రాయం ఇది. టైముకు ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజిన్‌కు ఫ్లష్ అక్కరలేదు, ఎందుకంటే కడగడానికి లోపల ఏమీ ఉండదు. మడ్డి పట్టిన ఇంజిన్‌కు అది ప్రమాదం. మధ్యలో ఉన్నవాటికి, అంటే ఒకటి రెండుసార్లు ఆలస్యమైన బండ్లకు, డబ్బా మీద రాసిన నిమిషాలు దాటకుండా, బండి నడపకుండా, ఆగి ఉన్న చోటే చేస్తే పెద్ద ముప్పు రాకపోవచ్చు. ఆ మధ్య రకం బండ్లకు కూడా నేను చెప్పేది వేరే దారి: మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే పోసి, వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్‌తో సహా మళ్లీ మార్చేయండి. ఆయిల్‌లోనే కడిగే మందులు ఉంటాయి, అవి మెల్లగా, పొరలు పొరలుగా మడ్డిని కరిగిస్తాయి. రెండో ఆయిల్‌కు అయ్యే ఖర్చు ఫ్లష్ డబ్బా కన్నా ఎక్కువే. చాంబర్ దించే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మూత కింద పేస్టు మరీ గడ్డకట్టి ఉంటే ముందే చాంబర్ దించి, జాలి కడిగించడమే సరైన పని.

నల్లగా ఉందని గొడవ పడేముందు

ఆఫీసులో నా పక్క సీటాయన ఒకరోజు ఫోన్‌లో గేజ్ పుల్ల ఫొటో చూపించాడు. "నిన్ననే సర్వీస్ అయింది, చూడు ఎంత నల్లగుందో! ఆయిల్ మార్చనే లేదు, నన్ను మోసం చేసిండ్రు." ఆయనది డీజిల్ బండి. డీజిల్ ఇంజిన్‌లో మసి ఎక్కువ, లోపల మిగిలిన ఆ పావు లీటరు చాలు కొత్తదాన్ని నల్లగా మార్చడానికి. స్టార్ట్ చేసిన కాసేపటికే రంగు పోతుంది. రంగు చూసి 'పాతది దించలేదు' అనుకోవడం డీజిల్ బండ్ల విషయంలో తప్పు. పెట్రోల్ బండిలో అయితే మార్చిన రోజు తేనె రంగు కనబడాలి. మొదటిరోజే బొగ్గులాగా ఉంటే అడగాల్సిందే.

రంగు కన్నా లెవెల్ ఎక్కువ నిజం చెబుతుంది. పాతది సరిగా దించకుండా మాన్యువల్‌లో ఉన్న కొలతంతా కొత్తది పోస్తే గేజ్ మీద పై గీత దాటుతుంది. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) చిలుకుతుంది, నురగ వస్తుంది, నురగ ఎక్కిన ఆయిల్ పంపులో సరిగా ఒత్తిడి నిలబడదు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన డీజిల్ బండ్లలో ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొగ గొట్టంలోని ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకునేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లో కలిసి, లెవెల్ దానంతటదే పెరిగే అవకాశం వాటిలో ఉంది. అందుకని చెప్పిన కొలత కన్నా మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు తక్కువ పోయించి, నిమిషం స్టార్ట్ చేసి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి, బండి సమంగా ఉన్నచోట గేజ్ చూసి మిగతాది పోయించండి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా దాదాపు లీటరు. పై గీతకు కాస్త కింద ఆగితే చాలు.

ఎక్కడ చేయించాలి

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోండి, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. బిల్లులు భద్రం చేసుకోండి. అక్కడ లిఫ్టు, కొలత ప్రకారం బిగించే టార్క్ పానా, కొత్త వాషర్ ఉంటాయి. లేనిది సమయం. సోమవారాలూ పండుగల ముందూ రద్దీలో ఆయిల్ ఐదు నిమిషాలు కారితే గొప్ప. రద్దీ లేని రోజు మధ్యలో బుక్ చేసుకుని, 'ఆయిల్ దించేటప్పుడు నేను చూస్తాను' అని ముందే చెబితే చాలాచోట్ల కాదనరు.

వారంటీ అయిపోయాక నాకు తెలిసిన షెడ్డే నయం అనిపించింది. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, చుక్కలు నా లెక్క ప్రకారం పడనివ్వొచ్చు, ఆయిలూ ఫిల్టరూ నేనే కొని తీసుకెళ్లొచ్చు. ఖాళీ డబ్బాను అక్కడే వదిలేయకుండా చిల్లు పెట్టి పడేస్తాను, దాంట్లో మళ్లీ ఎవరో నకిలీది నింపకుండా. షెడ్డు ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే, బోల్ట్ ఎలా బిగిస్తున్నారని. చేత్తో నాలుగు చుట్లు తిప్పి పట్టించాక పానా వేసేవాడైతే ఆ షెడ్డు మంచిది. మొదటి చుట్టు నుంచే పానాతో బిగించేవాడి దగ్గర ఎంత తక్కువకు చేసినా వద్దు.

ఇంటికొచ్చి చేసేవాళ్లను పిలిస్తే రెండు ప్రశ్నలు అడగండి: బోల్ట్ విప్పుతారా, పంపు వాడతారా? ఫిల్టర్ మార్చడానికి బండిని ఎలా లేపుతారు? రెండో ప్రశ్నకు జాకీ ఒక్కటే జవాబైతే నేను ఒప్పుకోను. సొంతంగా చేసుకోవడం నాకు ఇష్టమే గానీ, స్టాండ్లు, పానాలు, తొట్టి, గ్లోవ్స్ కొనే ఖర్చు కూలి డబ్బులతో పోలిస్తే మూడు నాలుగేళ్లకు గానీ గిట్టదు. సరదా ఉంటే చేసుకోండి, పొదుపు కోసమైతే వద్దు.

ఇక ఎవరికి ఏది? కొత్త కారు, పదివేల కిలోమీటర్లకో ఏడాదికో మార్చే అలవాటు ఉంటే వేడి మీద బోల్ట్ విప్పి, పావుగంట ఆగి, ఫిల్టర్ మార్చి, గేజ్ చూడటం సరిపోతుంది, మరే అదనమూ వద్దు. ములుగు రోడ్డులో దుమ్ములోనో, క్వారీల వైపో రోజూ తిరిగేవాళ్లు, మేడారం జాతర రోజుల్లో గంటల తరబడి మొదటి గేరులో పాకినవాళ్లు చివరి చుక్కల మీద పెట్టే శ్రద్ధను గడువు మీద పెట్టండి. రెండు మూడు వేల కిలోమీటర్లు ముందే మార్చేయడం గంటసేపు కారబెట్టడం కన్నా ఇంజిన్‌కు ఎక్కువ మేలు. ఫిల్టర్ పైన ఉన్న కారు, అపార్ట్‌మెంట్ కాపురం, నడుం నొప్పి ఉన్నవాళ్లకు పంపు, అదీ పరీక్షలో నెగ్గితేనే. చరిత్ర తెలియని సెకండ్ హ్యాండ్ బండికి వెంటవెంటనే రెండు మార్పులు.

దించిన ఆయిల్ ఏం చేయాలన్నది మిగిలింది. మా ఊళ్లో నాన్న ప్రతిసారీ ఫోన్ చేసి, "కాలిన ఆయిల్ ఉంటే ఓ డబ్బా తీస్కరా, దర్వాజలకు చెద పడుతుంది" అంటారు. ఒకప్పుడు తీసుకెళ్లేవాడిని, ఎడ్లబండి ఇరుసుకూ అదే పూసేవాళ్లం. అందులో లోహాల రజను, కాలిన మసి ఉంటాయి. చర్మానికి మంచిది కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది. మోరీలో పోస్తే అది పోయేది ఏదో ఒక చెరువులోకే, వరంగల్‌లో చెరువుకు దూరంగా ఉన్న మోరీ ఏది? ఇప్పుడు నేను పాత డబ్బాలోనే నింపి, మూత బిగించి, షెడ్డులోని డ్రమ్ములో పోసి వస్తున్నాను. ఆ డ్రమ్ము నిండాక పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి తీసుకెళ్తారు. నాన్నకు మాత్రం కిరాణా షాపు పక్కన రంగుల దుకాణంలో చెదల మందు కొనిచ్చాను. వాసన బాగాలేదని ఇంకా సణుగుతూనే ఉన్నారు.